షాంఘై ఎవరి ఊరు? సాహస కథల్లోని వలస రేవు, చరిత్రలోని నగరం

సాహస నవలల్లోనూ సినిమాల్లోనూ 1930ల నాటి షాంఘై ఎప్పుడూ ఒకేలా కనిపిస్తుంది. నది మీద పొగమంచు, ఒడ్డున బ్యాంకుల పెద్ద పెద్ద భవనాలు, రిక్షా లాగే బక్కపలచటి మనిషి, చౌరస్తాలో ఎర్ర తలపాగా కట్టుకున్న సిక్కు పోలీసు, నైట్‌క్లబ్బులో సూటు వేసుకున్న గ్యాంగ్ నాయకుడు, వెనక గదిలో నల్లమందు. 1984లో వచ్చిన ఇండియానా జోన్స్ రెండో సినిమా కూడా 1935 నాటి షాంఘై క్లబ్బులోనే మొదలై, ఆ తర్వాత మన దేశానికి వస్తుంది. ఆ వీధి దృశ్యాలు తీసింది మాత్రం మకావులో. ఒక రేవును ఇంకో రేవుగా చూపించినా ఎవరికీ అనుమానం రాలేదు. చైనా తీరంలోని విదేశీ రేవులన్నీ ప్రేక్షకుడి మనసులో ఎంతగా కలగలిసిపోయాయో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఇలాంటి కథలు చదివినప్పుడు సహజంగా వచ్చే సందేహం ఒకటి ఉంది. అప్పుడు షాంఘై బ్రిటిష్ వాళ్ళదా? పోలీసు అధికారి ఇంగ్లిష్ వాడు, జడ్జి ఇంగ్లిష్ వాడు, బ్యాంకు ఇంగ్లిష్ వాళ్ళది, వీధుల పేర్లు ఇంగ్లిష్‌వి. మరి కాసేపటికి ఫ్రెంచ్ పోలీసు వస్తాడేం? జపాన్ సైనికులు నడిరోడ్డు మీద కవాతు చేస్తుంటే ఎవరూ అడ్డుకోరేం? చైనా ప్రభుత్వం అసలు ఎక్కడ?

సూటిగా చెప్పాలంటే, హాంకాంగ్ బ్రిటిష్ వలస అయిన అర్థంలో షాంఘై ఎప్పుడూ ఎవరి వలసా కాలేదు. ఆ నేల మొదటినుంచీ చివరిదాకా చైనాదే. కానీ ఆ నేల మీద పెత్తనం మాత్రం ముక్కలు ముక్కలుగా పంచుకున్నారు. సాహస కథలకు షాంఘై అంతగా పనికొచ్చింది కూడా అందుకే.

రేవులన్నీ ఒకే రకం కావు

చైనా తీరంలో విదేశీయుల పట్టు నాలుగు రూపాల్లో ఉండేది. కథల్లో వీటన్నిటినీ కలిపి 'వలస' అనేస్తారు. తేడా తెలియకపోతే కథలో ఏది చరిత్రో, ఏది కల్పనో పట్టుకోవడం కష్టం.

మొదటిది అసలైన వలస. 1842 నాన్‌జింగ్ సంధితో హాంకాంగ్ దీవిని చైనా బ్రిటన్‌కు పూర్తిగా వదులుకుంది. అక్కడ గవర్నరు ఉంటాడు, లండన్ మాట చెల్లుతుంది.

రెండోది లీజు భూభాగం. 1898లో జర్మనీ చింగ్‌డావ్ రేవు ఉన్న జియావ్‌జౌ అఖాతాన్ని 99 ఏళ్ళకు తీసుకుంది. బ్రిటన్ కూడా అదే ఏడాది హాంకాంగ్‌ను ఆనుకుని ఉన్న న్యూ టెరిటరీస్‌ను 99 ఏళ్ళకే లీజుకు రాయించుకుంది. 1997లో హాంకాంగ్ మొత్తం చైనాకు తిరిగి వెళ్ళడానికి అసలు కారణం ఆ లీజు గడువే.

మూడోది సంధి రేవు. అంటే విదేశీ వర్తకులు ఉండి వ్యాపారం చేసుకోవడానికి సంధి ద్వారా తెరిచిన ఊరు. 1842 సంధితో మొదట ఇలా తెరిచినవి ఐదు: కాంటన్, అమోయ్, ఫుజౌ, నింగ్‌బో, షాంఘై. తర్వాతి దశాబ్దాల్లో ఇలాంటివి పదుల సంఖ్యలో పెరిగాయి. చాలాచోట్ల విదేశీయులు నిజానికి గుప్పెడు మందే.

నాలుగోది ఆ సంధి రేవుల్లోనే విదేశీయులకు విడిగా కేటాయించిన పేట. ఇందులోనూ రెండు పద్ధతులున్నాయి. కన్సెషన్ అంటే ఒక దేశ ప్రభుత్వం చైనా నుంచి మొత్తం స్థలాన్ని లీజుకు తీసుకుని, దాన్ని తన వాళ్ళకు పంచి ఇవ్వడం. తియాంజిన్, హాంకౌ నగరాల్లో ఇలా చేశారు. సెటిల్‌మెంట్ అంటే హద్దులు గీసిన ప్రాంతంలో ఒక్కో విదేశీయుడు నేరుగా చైనా భూయజమానితో బేరమాడి శాశ్వత కౌలుకు తీసుకోవడం, ఏటా చైనా ప్రభుత్వానికి కొద్దిపాటి శిస్తు కట్టడం. ఏటా శిస్తు కడుతున్నారంటే ఆ నేలకు సార్వభౌమాధికారి ఎవరో ఒప్పుకున్నట్టే కదా. కాగితం మీద అంతే. నడిచింది వేరు.

మూడు ముక్కలైన ఊరు

బ్రిటిష్ వాళ్ళు రాకముందు షాంఘై ఓ జాలరి పల్లె అని చాలా కథలు మొదలుపెడతాయి. అది నిజం కాదు. సముద్రపు దొంగల భయంతో 1553లోనే చుట్టూ గోడ కట్టుకున్న పట్టణం అది. పత్తి, నూలుబట్టల వ్యాపారం జోరుగా సాగేది. తీరం వెంబడి తిరిగే పెద్ద పడవలకు అది మజిలీ. ఏమీ లేనిచోట తెల్లవాళ్ళు నగరాన్ని లేపారన్న మాట వలస పాలకులకు ముద్దు, కథకులకు సులువు.

1842 జూన్‌లో, నల్లమందు వ్యాపారం మీద బ్రిటన్, చైనాల మధ్య జరిగిన మొదటి నల్లమందు యుద్ధం చివరి దశలో, బ్రిటిష్ సేన షాంఘైని పట్టుకుంది. ఆ యుద్ధానికి వెళ్ళిన సేనలో మద్రాసు నేటివ్ ఇన్‌ఫాంట్రీ పటాలాలు కూడా ఉన్నాయి. మద్రాసు సైన్యం తమిళ, తెలుగు జిల్లాల నుంచి సిపాయిలను తీసుకునేది కాబట్టి ఈ కథలో మన ప్రాంతం మనుషులకూ చోటుంది, ఏ నవలా వాళ్ళను పెద్దగా పట్టించుకోకపోయినా. షాంఘైకి మొదటి బ్రిటిష్ కాన్సుల్‌గా వెళ్ళిన జార్జ్ బాల్ఫోర్ కూడా మద్రాసు ఆర్టిలరీలో కెప్టెనే. 1843 నవంబర్ 17న రేవు తెరిచినట్టు ప్రకటించింది ఆయనే.

1845లో భూమి నియమాలు వచ్చాయి. గోడ ఉన్న పాత పట్టణానికి ఉత్తరాన, హువాంగ్‌పు నది ఒడ్డున బ్రిటిష్ వాళ్ళకు హద్దులు గీశారు. అందులో చైనీయులు కాపురం ఉండకూడదన్నది మొదటి ఏర్పాటు. 1849లో ఫ్రెంచ్ వాళ్ళు తమకంటూ ఒక కన్సెషన్ తీసుకున్నారు. అమెరికన్లు హాంగ్‌కౌ వైపు స్థిరపడ్డారు.

ఆ ఏర్పాటును తలకిందులు చేసింది యుద్ధాలూ తిరుగుబాట్లే. 1853లో 'చిన్న కత్తుల సంఘం' అనే రహస్య సంఘం పాత పట్టణాన్ని పట్టుకుంది. జనం ప్రాణాలు అరచేత పెట్టుకుని విదేశీ పేటలోకి పరిగెత్తారు. వందల్లో ఉన్న చైనా జనాభా ఏడాది రెండేళ్ళలో ఇరవై వేలు దాటింది. 1860లలో తైపింగ్ తిరుగుబాటు అప్పుడు ఇంకా పెద్ద వరద. శరణార్థులకు వరుస ఇళ్ళు కట్టి అద్దెకిస్తే, పట్టు ఎగుమతి కంటే ఎక్కువ లాభం ఉందని వర్తకులకు అర్థమైపోయింది. చైనీయులు ఉండకూడదన్న నియమం అక్కడితో గాలికి పోయింది.

1854లో కొత్త నియమాలతో షాంఘై మున్సిపల్ కౌన్సిల్ పుట్టింది. పన్ను కట్టే విదేశీయులు ఎన్నుకునే సంస్థ అది. దానికి సొంత పోలీసు, సొంత వాలంటీరు సేన. 1863లో బ్రిటిష్, అమెరికన్ పేటలు కలిసి తర్వాత అంతర్జాతీయ సెటిల్‌మెంట్‌గా పేరుపడ్డాయి. ఫ్రెంచ్ వాళ్ళు కలవలేదు. వాళ్ళ దగ్గర చివరి మాట ఫ్రెంచ్ కాన్సుల్‌దే. 1899 విస్తరణ తర్వాత సెటిల్‌మెంట్ సుమారు 22 చదరపు కిలోమీటర్లు. 1914 తర్వాత ఫ్రెంచ్ కన్సెషన్ సుమారు 10 చదరపు కిలోమీటర్లు. వీటి చుట్టూ, పక్కనా చైనా పాలనలోని షాంఘై.

అంటే నవలలో 'షాంఘై పోలీసు' అని రాస్తే మొదట అడగాల్సింది, ఏ షాంఘై అని. మూడు పాలనలు, మూడు పోలీసు దళాలు. ఊరంతా తిరగాలంటే రిక్షా వాడికి కూడా ఒక్కో ప్రాంతానికి ఒక్కో లైసెన్సు కావాలి.

ఒక హత్య, వేర్వేరు న్యాయాలు

ఇక అసలు చిక్కు న్యాయంలో ఉంది. నల్లమందు యుద్ధం తర్వాతి సంధులతో చాలా దేశాల పౌరులకు చైనా చట్టం నుంచి మినహాయింపు వచ్చింది. నేరం చైనాలో చేసినా విచారణ తమ దేశపు చట్టం ప్రకారం, తమ దేశపు కోర్టులోనే. బ్రిటన్ 1865లో షాంఘైలోనే ఒక సుప్రీం కోర్టు పెట్టింది. 1906లో అమెరికా కూడా చైనా కోసం ప్రత్యేక కోర్టు ఏర్పాటు చేసింది.

ఇది బుర్రకెక్కాలంటే ఒక ఊహా కథ వేసుకుందాం. సంవత్సరం 1930. అవెన్యూ ఎడ్వర్డ్ ది సెవెన్త్ మీద అర్ధరాత్రి ఒక నగల వ్యాపారి హత్య. ఈ రోడ్డు ఒకప్పుడు కాలువ. దాన్ని 1914, 15 ప్రాంతంలో పూడ్చి రోడ్డు వేశారు. ఉత్తరం వైపు అంతర్జాతీయ సెటిల్‌మెంట్, దక్షిణం వైపు ఫ్రెంచ్ కన్సెషన్. శవం ఉత్తరం వైపు పడి ఉంది. అనుమానితులు నలుగురు.

బ్రిటిష్ గుమాస్తా దొరికితే బ్రిటిష్ జడ్జి ముందుకు వెళ్తాడు. బ్యాంకు ముందు కాపలా కాసే సిక్కు కూడా బ్రిటిష్ ప్రజ కింద లెక్కే కాబట్టి అతనిదీ అదే కోర్టు. మూడోవాడు విప్లవం తర్వాత పారిపోయి వచ్చిన రష్యన్. అతనికి వెనక ఏ ప్రభుత్వమూ లేదు. రష్యన్ల ప్రత్యేక హక్కులు 1920 నుంచే పోయాయి. తెల్లవాడైనా చైనా కోర్టుకే పోవాలి. నాలుగోవాడు చైనీయుడు. 1864 నుంచి సెటిల్‌మెంట్‌లో చైనీయుల కేసులు 'మిశ్రమ కోర్టు' చూసేది. అందులో చైనా న్యాయాధికారి పక్కన విదేశీ కాన్సుల్ మనిషి కూర్చునేవాడు. 1911లో చక్రవర్తుల పాలన కూలినప్పుడు ఆ కోర్టు పూర్తిగా విదేశీ కాన్సుళ్ళ చేతుల్లోకి పోయింది. 1927లో మళ్ళీ చైనాకు తిరిగివచ్చింది. కాబట్టి మన కథ 1930 కాక 1920లో జరిగితే ఈ నాలుగోవాడి తలరాత వేరేగా ఉండేది.

వీళ్ళలో ఎవరైనా రోడ్డు దాటి దక్షిణం వైపు పరిగెత్తితే? అటు ఫ్రెంచ్ పోలీసు, అందులో వియత్నాం నుంచి తెచ్చిన కానిస్టేబుళ్ళు. ఇటు పోలీసు అటు వెళ్ళి అరెస్టు చేయాలంటే ఫ్రెంచ్ అధికారుల అనుమతి కావాలి. కాగితాలు కదిలేలోగా మనిషి పాత పట్టణంలో కలిసిపోతాడు.

గోదావరి జిల్లాల వాళ్ళకు ఈ సంగతి కొంత తెలిసినదే. 1930లో శారదా చట్టం అమల్లోకి వచ్చాక, బాల్య వివాహం చేయదలచిన పెద్దలు పిల్లల్ని తీసుకుని ఫ్రెంచ్ పాలనలోని యానాం వెళ్ళేవారు. బ్రిటిష్ చట్టం అక్కడ చెల్లదు కనుక ముహూర్తం నిశ్చింతగా జరిగేది. ఆ ఊరికి కల్యాణపురం అన్న పేరు అలాగే వచ్చింది. షాంఘైలో అలాంటి గీతలు ఒకే నగరం నడిమధ్యలో ఉండేవి, వాటి ఇరుపక్కలా లక్షల మంది బతికేవాళ్ళు.

గ్యాంగులకూ, విప్లవకారులకూ అదే గీత

సాహస కథలకు ఏం కావాలో ఆ గీతలు అన్నీ ఇచ్చాయి. దాక్కోవడానికి చోటు, రెండు మూడు అధికారాల మధ్య సందు, ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేని డబ్బు.

నల్లమందే తీసుకోండి. పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో, అంటే 1858లో చైనా దాన్ని చట్టబద్ధం చేశాక, అది దొంగ సరుకు కాదు. బీహార్, బెనారస్ ప్రాంతాల్లో ప్రభుత్వ గుత్తాధిపత్యంలో తయారై కలకత్తాలో వేలం పడేది. మాళ్వా నల్లమందు బొంబాయి మీదుగా వెళ్ళేది. షాంఘై నది ఒడ్డున 1929లో క్యాథే హోటల్ కట్టించిన ససూన్ కుటుంబం బాగ్దాద్ నుంచి వచ్చి బొంబాయిలో స్థిరపడ్డ యూదు వర్తకులు, వాళ్ళ తొలి సంపదలో నల్లమందు వాటా పెద్దది. 1907 ఒప్పందం ప్రకారం భారత్ నుంచి ఎగుమతి క్రమంగా తగ్గి 1917కల్లా చట్టబద్ధ వ్యాపారం ఆగిపోయింది. మిగిలిన నిల్వల్ని 1919 జనవరిలో నదికి అవతల పుడాంగ్‌లో బహిరంగంగా కాల్చేశారు. ఆ తర్వాతే అది గ్యాంగుల చేతికి వచ్చింది. 1880ల కథలో నల్లమందు పెట్టెల్ని రహస్య సొరంగాల్లో దాచారని రాస్తే నాకు నవ్వొస్తుంది. అప్పుడది సుంకం కట్టి దించుకునే సరుకు.

నిషేధం తర్వాత ఆ వ్యాపారం ఫ్రెంచ్ కన్సెషన్‌లో వేళ్ళూనుకుంది. షాంఘై నేర ముఠా గ్రీన్ గ్యాంగ్ నాయకుల్లో ఒకడైన హువాంగ్ జిన్‌రాంగ్ అదే ఫ్రెంచ్ పోలీసులో చైనా డిటెక్టివ్‌లకు పెద్ద. దొంగా పోలీసూ ఒకే మనిషి. అతని తర్వాత ఎదిగిన డూ యుషెంగ్ 1930ల నాటికి బ్యాంకరు, దాత, నగర ప్రముఖుడు.

విప్లవకారులు కూడా అదే సందును వాడుకున్నారు. 1921 జులైలో చైనా కమ్యూనిస్టు పార్టీ మొదటి మహాసభ జరిగింది ఫ్రెంచ్ కన్సెషన్‌లోని ఒక ఇంట్లో. హాజరైన వాళ్ళలో యువకుడైన మావో ఒకరు. ఒకరోజు ఎవరో అపరిచితుడు లోపలికి వచ్చి, ఇల్లు పొరబడ్డానని చెప్పి వెళ్ళిపోయాడు. అనుమానం వచ్చి చాలామంది జారుకున్నారు. కాసేపటికే పోలీసులు దిగారు. చివరి సమావేశం జియాషింగ్ అనే ఊరి సరస్సులో అద్దె పడవ మీద జరిగింది. ఏ నవలాకారుడైనా ఇలా రాస్తే సంపాదకుడు 'మరీ సినిమాలా ఉందండీ' అని కొట్టేస్తాడు.

1927 ఏప్రిల్‌లో ఇదే గీత ప్రాణాలు తీసింది. కమ్యూనిస్టుల కార్మిక సంఘాలు తిరుగుబాటు చేసి చైనా పాలిత షాంఘైని పట్టుకున్నాయి. చైనా జాతీయవాద పార్టీ నాయకుడు చియాంగ్ కై షేక్ సేన వచ్చింది. ఏప్రిల్ 11 రాత్రి డూ యుషెంగ్ కార్మిక నాయకుడు వాంగ్ షౌహువాను విందుకు పిలిచి చంపించాడు. తెల్లవారుజామున చియాంగ్ పక్షాన గ్రీన్ గ్యాంగ్ మనుషులు సాయుధులై కార్మికుల మీద పడ్డారు. వాళ్ళు తమ ప్రాంతం గుండా పోవడానికి విదేశీ పేటల అధికారులు దారి ఇచ్చారు. మామూలు రోజుల్లో ఒక రిక్షా వాడు దాటలేని గీత అది.

కథలు ఏది ఉంచుకున్నాయి, ఏది మార్చాయి

ఆ 1927 ఘటనల మీద ఆంద్రే మాల్రో ఫ్రెంచ్‌లో రాసిన నవలకు 1933లో గొంకూర్ బహుమతి వచ్చింది. రచయిత స్వయంగా ఆ తిరుగుబాటులో పాల్గొన్నాడన్న పుకారు చాలాకాలం నడిచింది. నిజానికి ఆయన అప్పుడు అక్కడ లేడు. అయినా ఆ రాత్రుల భయాన్ని, విప్లవకారుల సందిగ్ధాన్ని గట్టిగా పట్టుకున్నాడు. మనిషి అక్కడ ఉన్నాడా లేడా అన్నదానితోనే చారిత్రక కల్పన విలువ తేలదు.

దీనికి పక్కన పెట్టి చూడదగ్గది జె.జి. బల్లార్డ్ 1984 నవల 'ఎంపైర్ ఆఫ్ ది సన్'. ఆయన 1930లో షాంఘైలోనే పుట్టాడు. జపాన్ ఆక్రమణలో 1943 నుంచి 1945 దాకా లుంగ్‌హువా నిర్బంధ శిబిరంలో ఉన్నాడు. నవలలో పిల్లవాడు తల్లిదండ్రుల నుంచి తప్పిపోయి ఒంటరిగా బతుకుతాడు. అసలు జీవితంలో బల్లార్డ్ శిబిరంలో అమ్మానాన్నలతోనే ఉన్నాడు. అక్కడ లేనివాడు రాసింది చరిత్ర అనుకున్నారు. అక్కడే ఉన్నవాడు తన జీవితాన్నే మార్చి రాశాడు.

బొమ్మల కథల్లో ఎక్కువమందికి తెలిసింది టిన్‌టిన్ 'బ్లూ లోటస్'. బెల్జియం చిత్రకారుడు ఎర్జే దీన్ని 1934, 35లో ధారావాహికగా వేశాడు. అప్పుడు బ్రస్సెల్స్‌లో శిల్పం చదువుతున్న జాంగ్ చోంగ్‌రెన్ అనే చైనా విద్యార్థి ఆయనకు పరిచయమై, చైనా గురించి యూరప్ వాళ్ళు నమ్మే చవకబారు మాటల్ని సరిదిద్దాడు. బొమ్మల్లో గోడల మీద కనిపించే చైనా లిపి వట్టి అలంకారం కాదు. జపాన్ సరుకులు బహిష్కరించండి వంటి నినాదాలు అందులో ఉన్నాయి. జపాన్ దౌత్యవేత్తలకు ఆ కథ మీద కోపం వచ్చిందంటే రాకేం చేస్తుంది?

కానీ అదే పుస్తకం చరిత్రను కుదించింది కూడా. 1931 సెప్టెంబర్ 18న జపాన్ సైనికులు మంచూరియాలో, ముక్డెన్ దగ్గర, రైలు పట్టాల మీద తామే పేలుడు జరిపి నెపం చైనా మీద వేశారు. కథలో ఆ పేలుడు షాంఘై దగ్గరికి వచ్చింది. 1932 జనవరి 28న మొదలైన షాంఘై పోరు, 1933లో నానాజాతి సమితి నుంచి జపాన్ వైదొలగడం, అన్నీ ఒకే వరుసలో చేరిపోయాయి. పదేళ్ళ పిల్లలకు రాసిన కథలో అది నేరమని నేను అనను. పట్టాల పేలుడు ఒక నాటకమన్న అసలు విషయాన్ని, యూరప్‌లో చాలామంది పట్టించుకోని రోజుల్లో, ఆ కథ సూటిగా చెప్పింది.

బ్రూస్ లీ 1972 సినిమా 'ఫిస్ట్ ఆఫ్ ఫ్యూరీ'లో పార్కు గేటు దగ్గరి బోర్డు గుర్తుందా? 'కుక్కలకు, చైనీయులకు ప్రవేశం లేదు'. గేటు దగ్గర సిక్కు కాపలాదారు. హీరో ఎగిరి ఒక్క తన్నుతో బోర్డును ముక్కలు చేస్తాడు. ఆ మాటలతో బోర్డు నిజంగా ఉండేదా అన్నది పాత వివాదం. దొరికిన పార్కు నిబంధనల్లో అవి రెండు వేర్వేరు అంశాలు: తోట విదేశీయుల కోసమని ఒకటి, కుక్కలకూ సైకిళ్ళకూ అనుమతి లేదని ఇంకొకటి. సినిమాలో చూపిన వాక్యానికి గట్టి రుజువు లేదు. అలాగని అవమానం కల్పితం కాదు. ఆ పార్కులోకి చైనీయుల్ని మామూలు జనంలా రానిచ్చింది 1928లోనే. వాక్యం తప్పని తేల్చి నిషేధమే లేదన్నట్టు మాట్లాడేవాళ్ళూ, నిషేధం నిజం కాబట్టి వాక్యమూ నిజమే అనేవాళ్ళూ ఇద్దరూ సగం సగం చెబుతున్నారు.

కథలో కనిపించని పది లక్షల మంది

1930లో అంతర్జాతీయ సెటిల్‌మెంట్ జనాభా పది లక్షలు దాటింది. అందులో విదేశీయులు సుమారు 36,000. వాళ్ళలోనూ బ్రిటిష్ వాళ్ళ కంటే జపాన్ వాళ్ళే ఎక్కువ. సాహస కథ ఈ లెక్కను తలకిందులు చేస్తుంది. తెరమీద పదిమంది తెల్లవాళ్ళు మాట్లాడితే ఒక్క చైనీయుడు మాట్లాడతాడు, అతనూ వంటవాడో, విలనో.

నిజానికి నగరం నడిచింది చైనీయుల మీదే. విదేశీ కంపెనీకీ స్థానిక మార్కెట్‌కీ మధ్య నిలబడి రెండు వైపులా సంపాదించిన కాంప్రడార్ దళారులు, నింగ్‌బో వర్తకులు, 1897లో మొదలైన కమర్షియల్ ప్రెస్ లాంటి ప్రచురణ సంస్థలు, సినిమా స్టూడియోలు, నూలు మిల్లుల ఆడకూలీలు. సెటిల్‌మెంట్ పన్నుల్లో సగానికి పైగా చైనీయులే కట్టేవాళ్ళు. కౌన్సిల్‌లో వాళ్ళకు మొదటిసారి మూడు సీట్లు దక్కింది 1928లో. 1930లో అవి ఐదయ్యాయి.

అది కూడా ఊరికే రాలేదు. 1925 మే 30న నాన్‌జింగ్ రోడ్డులో పోలీసు స్టేషన్ ముందు చేరిన విద్యార్థుల మీద సెటిల్‌మెంట్ పోలీసులు కాల్చారు. కనీసం తొమ్మిది మంది చనిపోయారు. ఆజ్ఞ ఇచ్చింది బ్రిటిష్ ఇన్‌స్పెక్టరు. తుపాకీ పట్టినవాళ్ళు సిక్కులు, చైనీయులు. దేశమంతా సమ్మెలు, బహిష్కరణలు రేగాయి.

1880ల మధ్య నుంచి సెటిల్‌మెంట్ పోలీసులో చేరిన పంజాబీ సిక్కుల మీద కల్పన బాకీ ఇంకా పెద్దది. వాళ్ళు దాదాపు ఎప్పుడూ మాటలు లేని తలపాగాలే. బ్రిటిష్ వాడి లాఠీగా చైనీయుల ద్వేషం మోశారు, బ్రిటిష్ వాడి కింద తక్కువ జీతానికి పనిచేశారు. బ్రిటిష్ పాలనను కూల్చాలన్న గదర్ ఉద్యమం వాళ్ళ మధ్యే రహస్యంగా పాకింది. బ్రిటిష్ వాళ్ళకు నమ్మినబంటు అయిన సిక్కు పోలీసు అధికారి బుద్ధ సింగ్‌ను 1927 ఏప్రిల్‌లో సాటి సిక్కే కాల్చి చంపాడు. చియాంగ్ ఊచకోతకు సరిగ్గా కొన్ని రోజుల ముందు. నవలకు ఇంతకంటే ఏం కావాలి?

అవమానమా, ఆధునికతా?

ఈ నగరాన్ని ఎలా తలచుకోవాలన్న దాని మీద చైనాలోనే ఏకాభిప్రాయం లేదు. 1949 తర్వాతి అధికారిక చరిత్రకు ఇది 'అవమాన శతాబ్దం'లో ఒక అధ్యాయం. దేశం అర్ధ వలసగా మారింది, విదేశీయుడు తన చట్టం తాను తెచ్చుకున్నాడు, సంపద బయటికి పోయింది. మే 30 కాల్పులు, పార్కు నిషేధం, నల్లమందు చూస్తే ఈ వాదన బలం తెలుస్తుంది.

రెండో వాదన షాంఘై ఆధునికతను ఎత్తిచూపుతుంది. పత్రికలు, సినిమా, బ్యాంకింగ్, కొత్త సాహిత్యం ఇక్కడే పుంజుకున్నాయి. లూ షున్ లాంటి రచయిత చివరి తొమ్మిదేళ్ళు ఇక్కడే గడిపాడు, ఎందుకంటే చైనా ప్రభుత్వ సెన్సారు చేయి ఇక్కడ కొంత పొట్టిది. నాజీల నుంచి పారిపోయిన యూదులు 1930ల చివర వేలాదిగా ఇక్కడికి చేరారు. వీసా అడగని రేవులు అప్పుడు ప్రపంచంలో ఎన్నని?

ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకోవన్నది నా అభిప్రాయం. లూ షున్‌ను కాపాడిన ఏర్పాటే డూ యుషెంగ్‌నూ కాపాడింది. విదేశీ పాలన ఉదారమైందని అక్కడ స్వేచ్ఛ రాలేదు. అధికారాలు ఒకదాని పనిలో ఒకటి అడ్డుపడ్డాయి కాబట్టి ఆ ఖాళీలో ఎవరికి చేతనైనంత వాళ్ళు దూరారు. డబ్బున్నవాడికి అది విశాలమైన ఖాళీ, రిక్షా వాడికి మూడు లైసెన్సుల ఖర్చు.

ఆ రోజుల మోజు తెల్లవాళ్ళకే ఉందనుకోవడమూ పొరపాటే. 1980లో హాంకాంగ్ టీవీలో చౌ యున్ ఫాట్ నటించిన 'ది బండ్' సీరియల్ పాత షాంఘై గ్యాంగ్ కథే. అది చైనా భాష మాట్లాడే ప్రేక్షకుల్ని ఊపేసింది. తీసింది అప్పటికింకా బ్రిటిష్ వలసగా ఉన్న ఊళ్ళో. అందులో విదేశీయులు పక్కకు జరిగారు, చైనీయులే హీరోలూ విలన్లూ అయ్యారు. సూట్లు, టోపీలు, నది ఒడ్డు మాత్రం మారలేదు.

కథలో తేదీ చూసుకోండి

పాత షాంఘై ఒక్కసారిగా అంతం కాలేదు. 1937 ఆగస్టులో జపాన్ దాడి చేశాక చైనా పాలిత భాగాలు పోయాయి. విదేశీ పేటలు మాత్రం చుట్టూ ఆక్రమణ ఉండగా నాలుగేళ్ళు దీవుల్లా నిలిచాయి. గూఢచారి కథలకు ఆ నాలుగేళ్ళూ పండగే. 1941 డిసెంబర్ 8న జపాన్ సేన అంతర్జాతీయ సెటిల్‌మెంట్‌లోకి నడిచి వచ్చింది. ఫ్రెంచ్ కన్సెషన్‌ను అప్పుడు ముట్టుకోలేదు, ఎందుకంటే జర్మనీకి లొంగి నడిచిన విషీ ఫ్రాన్స్ ప్రభుత్వం జపాన్‌కు శత్రువు కాదు.

1943 జనవరి 11న బ్రిటన్, అమెరికా తమ ప్రత్యేక హక్కులన్నీ వదులుకుంటూ చైనాతో సంధులు చేసుకున్నాయి. చేతిలో లేని నగరాన్ని కాగితం మీద తిరిగి ఇచ్చాయన్నమాట. అదే ఏడాది వేసవి చివరికల్లా జపాన్ రెండు పేటల్నీ తన కనుసన్నల్లోని వాంగ్ జింగ్‌వే ప్రభుత్వానికి అప్పగించింది. 1945లో జపాన్ ఓడాక షాంఘై చియాంగ్ ప్రభుత్వం చేతికి వచ్చింది. 1949 మేలో కమ్యూనిస్టు సేన ప్రవేశించింది.

కాబట్టి 1942 నాటి కథలో సెటిల్‌మెంట్ పోలీసులో బ్రిటిష్ అధికారి కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, జపాన్ పెత్తనం కింద కొందరు 1943 తొలినాళ్ళ దాకా నిజంగానే ఉద్యోగాల్లో ఉన్నారు. 1946 కథలో అంతర్జాతీయ సెటిల్‌మెంట్ కోర్టు, దాని కౌన్సిలూ కనిపిస్తే మాత్రం రచయిత నిద్రపోయాడని అర్థం.